వంపు రేకులు

దయామణికి ఇనుము సంగతులేమీ తెలియవు. మదనపల్లెలో మిషన్ ఆసుపత్రిలో నాలుగేళ్ళు నర్సు చదువు చదివింది. కడుపులో బిడ్డ అడ్డం తిరిగిందో లేదో పొట్ట మీద చెయ్యి పెట్టి చెప్పగలదు. కానీ రేకు పొడవెంత ఉంటుందో, ఒక గదికి ఎన్ని పడతాయో, వాటి కోసం ఎవరికి రాయాలో ఆమెకు ఎవరూ నేర్పలేదు. అయినా రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, ఎండలు ముదరకముందే, తన కాన్పుల గదికి రేకుల కప్పు వేయించి తీరాలని పట్టుపట్టింది.

ఆ గది చౌడేపల్లెకు రెండు మైళ్ళ అవతల, బోడిగుట్టపల్లె చివర ఉండేది. ఇరవై అడుగుల పొడవు, పన్నెండు అడుగుల వెడల్పు, మట్టి గోడలు, పైన బోదగడ్డి. చుట్టుపక్కల ఏడు పల్లెల ఆడవాళ్ళు కాన్పుకు అక్కడికే వచ్చేవారు. దయామణికి తోడు యేసమ్మ అనే ముసలి ఆయా ఒక్కతే.

పట్టుదలకు కారణం బయ్యమ్మ. బండి తోలే మునస్వామి భార్య. ముందటి ఏడు కార్తీకంలో ఆమె కాన్పుకు వచ్చినప్పుడు నాలుగు రోజుల ముసురు పట్టింది. బోద నాని, కుళ్ళి, ముద్దలు ముద్దలుగా కింద పడింది. కారని చోటు గదిలో జానెడు లేదు. మంచాన్ని ఆ మూలకూ ఈ మూలకూ జరుపుతూనే దయామణి కాన్పు చేసింది. బిడ్డ చక్కగానే పుట్టాడు. మూడో నాటికి చలి పట్టి, ఒళ్ళు నీలంగా మారి, కన్నుమూశాడు. బయ్యమ్మ తడిసిన చాప చుట్టి చంకలో పెట్టుకుని, "నీ తప్పేముండాది నర్సమ్మా, పైన కప్పు లేకుంటే నువ్వేం జేస్తావు" అని వెళ్ళిపోయింది. ఆమె తిట్టిపోసి ఉంటే దయామణి ఆ ఏడాది కొంచెం తేలిగ్గా నిద్రపోయి ఉండేది.

ఇప్పుడు బయ్యమ్మ మళ్ళీ నెల తప్పింది. లెక్క చూస్తే మళ్ళీ కార్తీకమే.

పుంగనూరులో అబ్దుల్ జబ్బార్ అని రేకు పనివాడు ఉండేవాడు. లాంతర్లు, గరాటాలు, బొక్కెనలు చేసేవాడు. అరవై దాటిన మనిషి, కళ్ళద్దాల కాడ విరిగితే దారంతో చెవికి కట్టుకునేవాడు. దయామణి కబురు పెడితే కాలినడకన వచ్చాడు. గది చుట్టూ రెండుసార్లు తిరిగి, ముడులు వేసిన తాడుతో నాలుగు గోడలూ కొలిచాడు.

"ఈ పక్క గోడ జానెడు ఎక్కువుండాది నర్సమ్మా. గది సదరంగా లేదు."

"అయితే రేకు కుదరదా సాయిబూ?"

"మనిషి కట్టింది ఏది సదరంగా ఉంటాది? సర్దుకుంటాం." అతను నేల మీద కూర్చుని పుల్లతో గీతలు గీశాడు. "రేకు పక్కన రేకు పెడితే నీళ్ళు దూరతాయి. రేకు మీద అలల మాదిరి మిట్టలుంటాయి గదా, ఒకదాని మీద ఒకటి ఒకటిన్నర మిట్ట ఎక్కల్ల. ఇరవై నాలుగు రేకులు రాయి. రెండు వాలులూ కలిసే కాడ, నడినెత్తిన, వెన్ను మీద మూసే రేకులు నాలుగు రాయి. అవి మరిసిపోవాకమ్మా. వెన్ను మూయకుంటే కప్పు వేసీ వేయనట్టే."

అది కంట్రోలు కాలం. బజారులో ఇనుప మేకు కూడా దొరికేది కాదు. దయామణి మదనపల్లెకు మూడుసార్లు తిరిగి పర్మిట్ కాగితం తెచ్చుకుంది. బెంగుళూరులో యుద్ధకాలపు దండు గుడిసెలు విప్పి, ఆ రేకులు అమ్ముతున్నారని మిషన్‌లో ఎవరో చెబితే, జబ్బార్ గీసిన గీతలన్నీ ఇంగ్లీషులోకి మార్చి ఉత్తరం రాసింది. నలభై రోజులకు జవాబు వచ్చింది. రేకులు రైల్లో కుప్పం స్టేషన్‌కు పంపుతారట, అక్కడి నుంచి తెచ్చుకోవాలట.

"నేను పోతాండా" అన్నాడు మునస్వామి. ఎవరూ అడగకముందే ఎద్దులను కట్టాడు.

అతను తిరిగి వచ్చేసరికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ రోజు సన్నగా తుంపర పడుతోంది. వాకిట నిలబడిన దయామణికి చౌడేపల్లె దారిలో ఏదో తెల్లగా మెరుస్తూ రావడం కనిపించింది. దగ్గరికి వచ్చాక చూస్తే మునస్వామి బండే. బండికి ఎన్నడూ లేని గూడు ఉంది. ఆ గూడు రేకులది. ఒక్కొక్క రేకూ కొస నుంచి కొసకు విల్లులా వంగి ఉంది.

"ఏమైంది మునస్వామీ వీటికి?"

"ఏమీ కాలేదు నర్సమ్మా. ఇట్లానే దిగినాయి. వంగిపోయినాయేమోనని స్టేషన్ మాస్టర్‌ని అడిగితే, వంగలేదప్పా, అవి పుట్టిందే అట్ల అన్నాడు. దండు గుడిసెలు సగం పీపాయి బోర్లించినట్టుంటాయంట."

"వెన్ను రేకులు?"

"అవీ అడిగినా. గుండ్రంటికి వెన్ను యాడుంటాదిరా అని నగినాడు."

దయామణి అరుగు మీద కూలబడింది. బోద దించేసిన గదికి రెండు కొస గోడలూ ముక్కోణంగా లేచి ఉన్నాయి, పైన చదునైన రేకుల కోసం వాసాలు చెక్కి పెట్టి ఉన్నాయి. ఆశ్వయుజం సగమైపోయింది. బయ్యమ్మకు ఎనిమిదో నెల దాటుతోంది.

మరుసటి రోజు జబ్బార్ వచ్చాడు. బండి గూడును వేలి కణుపులతో టకటకా కొట్టి చెవి పెట్టి విన్నాడు.

"కొట్టి సాపు చెయ్యలేమా సాయిబూ?"

"చెయ్యొచ్చమ్మా. పైనున్న జింకు పూత పగులుతాది. రెండేండ్లకు తుప్పు పట్టి జల్లెడైపోతాది." రేకులకు తగలబోయే దెబ్బ అతని ముఖం మీద కనిపించింది.

మునస్వామి ఎద్దులకు గడ్డి వేస్తూ, మాట కలపాలని కలిపినట్టుగా అన్నాడు. "వెంకటగిరికోట దాటినాక పెద్దవాన పట్టుకునింది. ఊరికే వీపున మోసే బదులు నెత్తిన బోర్లించుకుందామని ఇట్ల కట్టినా. ఎద్దులు తడిసినాయి గానీ నేను తడవలే. ఒక్క సుక్క గూడా పడలే."

జబ్బార్ అతని వైపు తిరిగాడు. "ఎంతసేపు కురిసింది?"

"పొద్దు తిరిగినప్పటి నుంచి పలమనేరు కనబడేదాకా."

జబ్బార్ బండి వెనక్కి వెళ్ళి, వంగి, గూడులోకి తల పెట్టి చూశాడు. రెండు రేకులు నడినెత్తిన ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. అతను తల బయటికి తీసి, "నర్సమ్మా, వెన్ను లేకున్నా నీళ్ళు దూరలే. ఆ వాసాలు పొయ్యిలోకి పెట్టించుకో" అన్నాడు.

ఆ పొద్దే అందరినీ కళ్ళానికి తీసుకుపోయాడు. పేడతో అలికి గట్టిపడిన పెద్ద కళ్ళం అది. ఒక రేకును అంచు మీద నిలబెట్టించి, దాని వంపు వెంబడి మేకుతో నేల మీద గీత గీశాడు. రేకును ముందుకు జరిపి, గీసిన గీత కొస మీద కొంచెం ఎక్కించి, మళ్ళీ గీశాడు. మళ్ళీ జరిపాడు. ఏం చేస్తున్నాడో ఎవరికీ అర్థం కాలేదు. ఆరు సార్లు జరిపి, ఏడోసారి గీస్తుండగా అతని మేకు మొదటి గీతలోకి పోయి నిలిచింది. వెంట్రుకవాసి తేడా లేదు. కళ్ళం నిండా, ముగ్గురు మనుషులు తల నుంచి కాలికి వరుసగా పడుకుంటే సరిపోయేంత పెద్ద సున్నా.

దయామణి ఆ గీత వెంబడి మెల్లగా నడిచి, బయలుదేరిన చోటికే తిరిగి వచ్చింది. ఎక్కడో, ఏ దేశంలోనో, ఎవరో వంచిన ఒక్క రేకు ముక్కలో ఇంత పెద్ద సున్నా దాగి ఉందని, పుంగనూరు బజారులో లాంతర్లు అతికే ముసలాయన దాన్ని మేకుతో బయటికి లాగాడని తలచుకుంటూ ఆమె మళ్ళీ ఒక చుట్టు నడిచింది.

జబ్బార్ సున్నాకు అడ్డంగా తాడు పట్టి, సగానికి మడిచి, నడిమధ్యన గూటం దిగగొట్టాడు. "నడిమి నుంచి ఎనిమిది అడుగులు. ఇప్పుడు ఈ గుండ్రంలో పన్నెండు అడుగుల గోడ యాడ కూర్చుంటాదో సూడండి." గూటానికి ఒక పక్కగా సున్నా మీద పన్నెండు అడుగుల తాడు బిగించాడు. తాడు పైన మిగిలిన వంపే కప్పు. దాని ఎత్తు మనిషి నడుముకు తక్కువ. పొడవు పదమూడున్నర అడుగులు. "రెండు రేకులు ఎక్కించి కడితే సరిపోతాది, రెండు పక్కలా అడుగు అడుగు చూరు గూడా మిగులుతాది. కానీ కింద మోసేదానికి ఇదే వంపులో ఇనుప పక్కటెముకలు కావల్ల. అయిదు."

ఊరి కమ్మరి గంగాధరం తల అడ్డంగా ఊపాడు. "వంచేది నేను వంచుతా సాయిబూ. ఇనుము యాడుండాది? దండులోకి పోయిన ఇనుము ఇంకా తిరిగి రాలేదు."

మునస్వామి అప్పటికే బండి దగ్గర నిలబడి చక్రం కేసి చూస్తున్నాడు. "గంగాధరన్నా, ఈ చక్రం చుట్టూ ఉండే పట్టా విప్పి సాపు చేస్తే ఎంతొస్తాది?"

"అయిదు అడుగుల చక్రం. పదహారుకు బెత్తెడు తక్కువ."

జబ్బార్ వేళ్ళు మడిచి లెక్క చూసుకున్నాడు. వంపుకు పదమూడున్నర పోగా, రెండు కొసలూ గోడలోకి దిగడానికి అడుగు అడుగు మిగులుతుంది. ఎవరో కొలిచి పెట్టినట్టుంది.

"అయితే రెండూ విప్పండి" అన్నాడు మునస్వామి.

"బండి ఎట్ల తోలతావు?" అంది దయామణి. పట్టా లేని చక్రం పది మైళ్ళు పోదు. అది అతని కూడు.

"బిడ్డ పుట్టినాక సూసుకుంటాలే నర్సమ్మా."

ఆ మాట ఊళ్ళో ఎంత దూరం పోయిందో గానీ, రెండు రోజుల్లో మిగతా మూడు పట్టాలూ వచ్చాయి. పాలు పోసే ఒకాయన చౌడేపల్లె నుంచి ఒకటి దొర్లించుకుంటూ తెచ్చాడు. మొగుడు పోయాక కొట్టంలో పడి ఉన్న జత చక్రాలను రాజేశ్వరమ్మ అనే రైతు పెద్దావిడ పంపింది, ఎవరు పంపారో చెప్పమని కూడా అనలేదు.

గంగాధరం కళ్ళంలోనే పిడకలు పేర్చి మంట పెట్టాడు. పట్టా ఎర్రబారగానే నలుగురు పట్టకార్లతో ఎత్తి, గీత వెంబడి దిగగొట్టిన గూటాల నడుమ వేసి వంచారు. ఎర్రటి ఇనుము గీత మీద పడుకుంటూ పోవడం చూస్తుంటే, నేల లోపలి నిప్పు పైకి ఉబికి దారి చూసుకుంటున్నట్టుంది. నీళ్ళు పోస్తే ఆవిరి లేచి మనుషులు కనిపించకుండా పోయారు. ఆవిరి తగ్గేసరికి మొదటి పక్కటెముక నల్లగా, నిండుగా నేల మీద ఉంది.

కప్పు వేయడం పన్నెండు రోజులు సాగింది. ముక్కోణపు గోడల తలలు కొట్టేసి, వంపుకు సరిపడా మట్టితో మళ్ళీ గుండ్రంగా తీర్చారు. పక్కటెముకల మీద అడ్డకట్టెలు బిగించారు. జబ్బార్ ఒక్కొక్క రేకునూ తానే పెట్టాడు. బెజ్జం మిట్ట మీదే పొడిచేవాడు, పల్లంలో పొడవనిచ్చేవాడు కాదు. "నీళ్ళు పారేది కాలవలో. కాలవకు ఎవరన్నా తూటు పెడతారా?" అనేవాడు. ప్రతి బోల్టు కింద పాత సైకిల్ ట్యూబు బిళ్ళ, దాని మీద తారు. వాన గాలి తూర్పు నుంచి కొడుతుంది కాబట్టి, పడమటి కొస నుంచి మొదలుపెట్టి, ప్రతి రేకు అంచూ గాలికి వీపు పెట్టేలా పేర్చుకుంటూ తూర్పుకు వచ్చాడు.

అన్నీ అయ్యాక అంచులు మిగిలాయి. రేకులకూ రెండు కొస గోడలకూ నడుమ సందు. వాటికి ఏ రేకూ రాలేదు. జబ్బార్ కిరసనాయిలు డబ్బాలు కోసి, చదును చేసి, రెండు మడతలు వేసి పొడుగాటి పట్టీలు తయారుచేశాడు.

"ఇంత పెద్ద కప్పుకు ఈ డబ్బా ముక్కలెందుకు సాయిబూ?" అంది యేసమ్మ.

"కప్పు నిలిచేది అంచుతోనమ్మా. గాలి దొంగది. గోడనేం జేయదు, సందు యాడుండాదా అని సూస్తాది."

పడమటి అంచు ముగిసింది. తూర్పు అంచు సగంలో ఉండగా, ఒక పొద్దున బయ్యమ్మకు నొప్పులు మొదలయ్యాయి. మునస్వామి ఆమెను మంచం మీద మోయించుకుని వచ్చాడు. నిచ్చెన మీద ఉన్న జబ్బార్ వెంటనే కిందికి దిగాడు.

"లోపల ఆడమనిషి. నేను పైన ఎట్లుండేది నర్సమ్మా? రేపు వస్తా."

తూర్పున గుట్ట వెనక ఆకాశం సీసంలా నల్లబడుతోంది. అంతలో లోపలి నుంచి బయ్యమ్మ గొంతు వినిపించింది. "దిగొద్దని చెప్పు నర్సమ్మా. పని ముగించమను. నాకేం సిగ్గు లేదు. ఆ సిగ్గు పోయిన కార్తీకంలోనే పోయింది."

జబ్బార్ ఒక్క క్షణం నేల కేసి చూసి, మళ్ళీ నిచ్చెన ఎక్కాడు. యేసమ్మ తూర్పు గోడ వైపు మంచానికి అడ్డంగా రెండు చీరలు కట్టింది.

మధ్యాహ్నం దాటేసరికి గాలి లేచింది. గదిలో నుంచి దయామణికి తూర్పు గోడ తల మీద వంపుగా ఒక వెలుగు చీలిక కనిపిస్తోంది. ఇంకా మూయని సందు అది. గాలి వచ్చినప్పుడల్లా చివరి రేకు వణికి, చీలిక పెద్దదై చిన్నదవుతోంది. బయ్యమ్మ పళ్ళు బిగించి ఆ చీలికనే చూస్తోంది. దయామణి ఆమె మోకాళ్ళ మధ్య చేతులు ఉంచి, తానూ అటే చూస్తోంది. ముందు ఒక చెయ్యి నీడ పడింది. తర్వాత పట్టీ ఒకటి మెల్లగా సందులోకి దూరింది. సుత్తి దెబ్బలు. చీలిక కొసన వెలుగు ఆరింది. ఇంకో పట్టీ, మళ్ళీ దెబ్బలు. అలా ఒక పక్క నుంచి రెండో పక్కకు, నెత్తి దాటి కిందికి, ఆ వెలుగు కొంచెం కొంచెంగా మూసుకుంటూ పోయింది. చివరి వేలెడు చీలిక మూసుకున్నాక గదిలో దీపం వెలుగు ఒక్కటే మిగిలింది.

అప్పుడు వాన దిగింది.

ఇలాంటి చప్పుడు ఉంటుందని దయామణి ఊహించలేదు. బోద మీద వాన పడితే గొణిగేది. ఇది గొణుగుడు కాదు. వెయ్యి బళ్ళ మీద నుంచి కంకర ఒక్కసారి దింపినట్టు గది మొత్తం హోరెత్తింది. యేసమ్మ పెదవులు ప్రార్థన చేస్తూ కదులుతున్నాయి, మాట వినపడటం లేదు. "ముక్కమ్మా" అని దయామణి అరిచింది, తన గొంతు తనకే వినపడలేదు. ఆమె బయ్యమ్మ చెయ్యి పట్టుకుని, నొప్పి వచ్చినప్పుడు నొక్కడం మొదలుపెట్టింది. బయ్యమ్మకు అర్థమైంది. నొక్కినప్పుడు ముక్కింది, వదిలినప్పుడు ఊపిరి తీసుకుంది. ఇద్దరూ ఆ చేతులతోనే మాట్లాడుకున్నారు.

నడుమ ఒకసారి దయామణి తల ఎత్తి చూసింది. పైన మిట్టలు మిట్టలుగా తెల్లటి వంపు. ఆకాశమంతా దాని మీద విరుచుకుపడుతోంది. కింద దీపపు వత్తి కదలడం లేదు. ఆమె ముఖం మీద, మంచం మీద, నేల మీద ఎక్కడా తడి లేదు.

బిడ్డ వచ్చింది. ఆడపిల్ల. దయామణి నోరు తుడిచి, కాళ్ళు పట్టి ఎత్తి, వీపు తట్టింది. నోరు తెరుచుకుంది. ఏడుపు లేదు. మళ్ళీ తట్టింది. నోరు ఇంకా పెద్దదిగా తెరుచుకుంది, చిన్న నాలుక వణికింది, శబ్దం లేదు. నిరుడు నీలంగా మారిన ఒళ్ళు ఒక్కటే దయామణి కళ్ళ ముందు నిలిచింది. బిడ్డను దీపం దగ్గరికి తీసుకుపోయి, రొమ్ము మీద అరచెయ్యి ఆనించింది.

అరచేతి కింద బిడ్డ ఒళ్ళంతా మోగుతోంది. గుక్కపట్టి, ఆగి, మళ్ళీ గుక్కపట్టి, ఉన్న బలమంతా పెట్టి ఏడుస్తోంది. ఆ ఏడుపును పైనున్న హోరు తాగేస్తోంది. దయామణికి ఏళ్ళ తరబడి ఎన్నో ఏడుపులు వినడం అలవాటు. ఒక ఏడుపును ఇలా చేత్తో పట్టుకోవడం ఇదే మొదలు. ఆమె బయ్యమ్మ చెయ్యి తీసుకుని బిడ్డ రొమ్ము మీద పెట్టింది. బయ్యమ్మ అలాగే ఉండిపోయింది, కన్నార్పకుండా.

వాన కొంచెం నెమ్మదించాక దయామణి తలుపు తీసింది. చూరు కింద మునస్వామి, జబ్బార్ ఇద్దరూ తడిసి ముద్దై గోడకు ఆనుకుని కూర్చున్నారు. జబ్బార్ కళ్ళద్దాలు లేవు. గాలికి ఎక్కడో పడిపోయాయట.

"ఏడుపు ఇనబడలే నర్సమ్మా" అన్నాడు మునస్వామి. "అప్పటి నుంచి సెవి గోడకు పెట్టుకోనుండాము."

దయామణి లోపలికి వెళ్ళి, బిడ్డను గుడ్డలో చుట్టి గడప దాకా తెచ్చింది. బయటి చలిగాలి తగలగానే బిడ్డ కెవ్వున ఏడ్చింది. మునస్వామి రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. జబ్బార్ లేచి నిలబడి, అద్దాలు లేని కళ్ళు చిట్లించి, ఏడుపు వచ్చే వైపు చూస్తూ, "అల్లా" అని మాత్రం అన్నాడు.

ముసురు ఆరు రోజులు పట్టింది. ఆరు రోజులూ బయ్యమ్మ ఆ గదిలోనే, పొడి మంచం మీద ఉంది. మూడో రోజు దయామణి గంటకోసారి బిడ్డ అరికాళ్ళు తాకి చూసింది. వెచ్చగానే ఉన్నాయి. నాలుగో రోజు నుంచి వానలోనే, గోనెసంచులు నెత్తిన కప్పుకుని, పక్క పల్లెల జనం కప్పు చూడటానికి వచ్చారు. వచ్చినవాళ్ళు వాకిట నిలబడి, నీళ్ళు మిట్టల నడుమ వరుస కాలవలుగా జారి చూరు నుంచి తెరలా పడుతుంటే, చాలాసేపు చూసి పోయేవారు.

ఆరో రోజు జబ్బార్ పుంగనూరుకు బయలుదేరుతుంటే బయ్యమ్మ, "సాయిబు లోపలికి రాలేదు గదా నర్సమ్మా, తను కట్టింది తను యినొద్దా" అంది. యేసమ్మ మళ్ళీ చీరలు కట్టింది. జబ్బార్ చెప్పులు విడిచి, గడప దాటి, రెండడుగులు వేసి నిలబడ్డాడు. పైన వాన గట్టిగానే ఉంది. అతను తల ఎత్తి, నోరు కొంచెం తెరిచి, వంపు వెంబడి ఆ కొస నుంచి ఈ కొస దాకా చూశాడు. ఏదో అన్నాడు. అది ఎవరికీ వినపడలేదు, దయామణి మళ్ళీ చెప్పమని అడగలేదు.

బయటికి వచ్చి చెప్పులు వేసుకుంటూ, "ఎండలకు బోల్టులు వదులవుతాయమ్మా" అన్నాడు. "ఉగాది దాటినాక వచ్చి బిగించి పోతా."